తడి ట్రే, పచ్చ దీపం

తెలిసినది, విన్నది

మొదలుపెట్టే ముందు, నాకు నిశ్చయంగా తెలిసినవాటిని ఒక పక్కన, ఇతరుల నోట విన్నవాటిని మరో పక్కన పెట్టుకోవాలి. ఇది ప్రయోగశాలలో అబ్బిన అలవాటు. పదవీ విరమణతో పోలేదు.

నిశ్చయంగా తెలిసినవి ఇవి. నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, రొయ్యలను గడ్డకట్టించి విదేశాలకు పంపే ఒక కర్మాగారంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. భౌతికశాస్త్రం చదివి నాణ్యతా పరీక్షల విభాగంలో చేరాను. చివరి దశలో, సరుకు ఏ రైతు రొయ్యల గుంట నుంచి వచ్చిందో, ఏ గదిలో ఎంతసేపు ఉందో చెప్పే ట్యాగుల బాధ్యత నాది. ఆ ట్యాగులను చదివే రేడియో తరంగాలను నీరు మింగేస్తుంది. ఈ సంగతి పుస్తకంలో చదివాను, తర్వాత స్వయంగా కొలిచాను. ఒక వానాకాలపు ఉదయం మా కంప్యూటరు పోలయ్య అనే రైతు పేరు చూపింది. ఆ పేరు కింద నేను సంతకం చేశాను.

ఇక విన్నవి. ట్యాగు ఎన్నడూ పొరబడదని అమ్మినవాళ్లు చెప్పారు. సూళ్లూరుపేట దగ్గర ఒక కర్మాగారంలో మనిషి చెయ్యి పడకుండానే లెక్కంతా నడుస్తోందని విన్నాను. వెళ్లి చూస్తే అక్కడ ఒకామె పెన్నుతో పుస్తకంలో రాసుకుంటూ కనిపించింది. పోలయ్య తన గుంటలో నిషిద్ధమైన మందు కలిపాడని కొందరన్నారు. కలపలేదని పోలయ్య అన్నాడు. ఈ రెండు మాటలూ నాకు విన్నమాటలే.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవారు ట్యాగులు, లేబుళ్ల గురించి శిక్షణలో చాలా నేర్చుకుంటారు. పోలయ్య గురించి ఎవరూ చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను.

చీటీ నుంచి ట్యాగు దాకా

నేను చేరిననాటికి ప్రతి ట్రేలోనూ ఒక అట్టముక్క ఉండేది. దాని మీద రైతు పేరు, గుంట గుర్తు, కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య, ఉండేవి. ఐసు నీళ్లకు సిరా కరిగి, పోలయ్య కాస్తా కోటయ్య అయ్యేవాడు. తర్వాత గీతల లేబుళ్లు, అంటే బార్‌కోడ్లు, వచ్చాయి. తడిస్తే గీతలు ఊడిపోయేవి, ఊడకపోయినా ఒక్కొక్క ట్రేనూ యంత్రానికి చూపించాల్సి వచ్చేది. ఆ తర్వాత వచ్చినవే ఆర్‌ఎఫ్‌ఐడి ట్యాగులు.

వీటి సూత్రం సులభం. ట్యాగులో బ్యాటరీ ఉండదు. సన్నని లోహపు తీగ, దాని మధ్య ఆవగింజకన్నా చిన్న చిప్పు ఉంటాయి. గేటుకు అమర్చిన యంత్రం రేడియో తరంగాలు పంపితే, ఆ శక్తినే కొంత తీసుకుని ట్యాగు తన సంఖ్యను తిరిగి పలుకుతుంది. ఎదురుగా కనిపించనక్కర లేదు. ఒకేసారి పదుల ట్యాగులు పలకగలవు. బట్టల దుకాణాల్లో, గోదాముల్లో ఇది బాగా పనిచేస్తుందనడంలో సందేహం లేదు. అయితే బట్ట పొడి వస్తువు. మా సరుకు ఐసు నీళ్లలో తేలుతూ వస్తుంది.

చెన్నై నుంచి వచ్చిన ఇంజనీరు ప్రదర్శన రోజున ట్రేలను గేటులోంచి తోయించాడు. ప్రతి ట్యాగూ పలికింది. మా మేనేజరు రంగనాయకులు గారు చప్పట్లు కొట్టారు.

"ట్రేలు ఖాళీగా ఉన్నాయి" అన్నాను.

"ఉంటే ఏమండీ?"

"మనం ఖాళీ ట్రేలు ఎగుమతి చేయడం లేదు గదండీ."

ఐసు, నీళ్లు, రొయ్యలు నింపి మళ్లీ తోయిస్తే చాలా ట్యాగులు మూగబోయాయి. ఇంజనీరు యంత్రం శక్తి పెంచాడు. అప్పుడు గేటు బయట ఎండలో ఆరబెట్టిన ట్రేల ట్యాగులు కూడా పలికాయి. కావలసినవి పలకవు, అక్కరలేనివి పలుకుతాయి. ఈ యంత్రాలతో పనిచేసేవారికి ఇది మొదటి పాఠం.

అప్పుడు మా మరమ్మతుల విభాగంలో ఉండే మస్తాన్ ఒక మాట అన్నాడు. విరిగిన ట్రేలు అతికించడం, తలుపుల రబ్బర్లు మార్చడం అతని పని. "మేడం, ట్యాగుకీ ట్రేకీ మధ్య ఒక చెప్పుముక్క పెట్టి చూద్దాం. నీళ్లకి ఎడంగా ఉంటే పలుకుద్దేమో."

"కొలతలు తీసుకొచ్చి చూపించు మస్తాన్" అన్నాను.

"కొలతలంటే ఏంది మేడం? పలికిందా లేదా చూస్తే చాలదా?"

చాలదన్నాను. కొలిచే పరికరం నా గదిలోనే ఉంది. అతనికి ఇచ్చిందీ లేదు, నేను కొలిచిందీ లేదు. కర్మాగారంలో నన్ను రుజువు మేడం అని పిలుచుకునేవారు. ఆ పేరు నాకు కొంత గర్వంగానే ఉండేదని ఒప్పుకుంటాను.

పచ్చ దీపం

ఏర్పాటు ఇలా ఉండేది. గుంట గట్టు మీద పట్టుబడి, అంటే పెరిగిన రొయ్యలను పట్టడం, జరిగేటప్పుడే ప్రతి ట్రేకు ఒక ట్యాగు ప్లాస్టిక్ దారంతో కట్టి, ఆ సంఖ్యలను రైతు పేరు మీద నమోదు చేసేవారు. వ్యాను వచ్చాక, సరుకు దించే ప్లాట్‌ఫారం మీద ట్రేలను గేటులోంచి తోసేవారు. నమోదైన ట్యాగులన్నీ పలికితే పచ్చ దీపం వెలిగి లోపలి షట్టరు లేచేది. ఒక్కటి పలకకపోయినా ఎర్ర దీపమే. అప్పుడు నేను వచ్చి నా సంకేతసంఖ్య కొడితేనే షట్టరు లేచేది.

మొదటి నెల అంతా ఎర్ర దీపాలే. నన్ను రోజుకు పలుమార్లు పిలిచేవారు. నేను వెళ్లేలోపు ఐసు కరిగేది. సరుకు దించే పని ఆపి నిలబడ్డ ఆడవాళ్లను నేను కసిరేదాన్ని. ట్రేలు ఒత్తుగా పేర్చారనీ, ట్యాగులు నీళ్లలో మునిగేలా ఉంచారనీ. ఆపైన ఇంకో పని కూడా చేశాను. ప్లాట్‌ఫారం గోడకు ఒక నల్లబల్ల పెట్టించి, ఏ షిఫ్టులో నూటికి ఎన్ని ట్యాగులు పలికాయో సుద్దతో రాయించాను. తక్కువ వచ్చిన షిఫ్టు వాళ్లు మర్నాడు నా గదికి వచ్చి కారణం చెప్పాలి.

రెండు వారాలు తిరిగేసరికి నల్లబల్ల మీద అంకె ఎగబాకింది. రెండో నెలాఖరుకు ప్రతి షిఫ్టులోనూ నూటికి నూరు. రంగనాయకులు గారు ఆ బల్ల ఫొటో తీసి విదేశీ కొనుగోలుదారులకు పంపారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నీళ్ల గుణం మారలేదు. ట్యాగులు, గేటు, ట్రేలు అన్నీ పాతవే. ఏ విద్యార్థి అయినా నాకు ఇలాంటి ఫలితం తెచ్చి ఉంటే, ఏం మార్చావని అడిగేదాన్ని. ఈ అంకె నేను కోరుకున్న అంకె. అందుకే అడగలేదు. సందేహించడం నా వృత్తి అనుకున్నాను. నిజానికి ఎదుటివారి మాటలను మాత్రమే సందేహించాను.

పోలయ్య

పోలయ్యది మైపాడు పక్కన చేపలుపట్టేవాళ్ల కుటుంబం. సముద్రం మీద పని తగ్గాక రెండు గుంటలు గుత్తకు తీసుకుని రొయ్యలు వేశాడు. మాకు నాలుగేళ్లుగా సరుకు ఇస్తున్నాడు.

ఆ వానాకాలం ఒక రోజు, లోపలికి వచ్చిన సరుకు నుంచి తీసిన నమూనాలో నిషిద్ధమైన యాంటీబయాటిక్ అవశేషం ఉందని బయటి ప్రయోగశాల తేల్చింది. నమూనా తీసిన ట్రే ట్యాగును కంప్యూటరులో కొడితే పోలయ్య పేరు వచ్చింది. నిబంధన ప్రకారం అతని పేరు మా జాబితా నుంచి తీసేయాలి, ఇతర కర్మాగారాలకూ తెలియజేయాలి. జాబితాలో పేరు లేని రైతు దగ్గర ఈ తీరంలో ఏ కర్మాగారమూ సరుకు తీసుకోదు. గుంటలు వదులుకోవాల్సిందే. నేను తాత్కాలిక నిలుపుదల ఉత్తర్వు మీద సంతకం చేసి, తుది నివేదికకు వారం గడువు తీసుకున్నాను.

మర్నాడే అతను నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను మందు పోయలేదు మేడం."

"నమూనాలో ఉంది పోలయ్యా. ట్యాగు నీ గుంటదే."

"నా గుంటలోకి రొయ్యపిల్లొచ్చిన కాడి నుంచి మేతలెక్క, నీళ్లలెక్క అంతా మీ వాళ్లే రాసుకున్నారు. ఒక్కరోజు తప్పు చూసినారా?"

"చూడలేదు. కానీ ట్యాగు అబద్ధం చెప్పదు."

ఆ వాక్యం నాదే. ఎన్నో శిక్షణ తరగతుల్లో చెప్పిన వాక్యం. పోలయ్య కాసేపు నా బల్ల మీది ట్యాగును చూశాడు.

"దానికి నోరుందా మేడం అబద్ధం చెప్పేదానికి? నోరుండేది కట్టినోళ్లకి, ఇప్పినోళ్లకి. వాళ్లని అడిగినారా?"

"విప్పడం అంటూ లేదు పోలయ్యా. కట్టడమే."

"అట్టనా" అన్నాడు. "వల కట్టినోడెవడూ ఇప్పకుండా ఉండడు మేడం." అని వెళ్లిపోయాడు.

అతని మాటలో సాక్ష్యం ఏమీ లేదు. కానీ నేను పరీక్షించని ఒక భాగం ఉందని ఆ మాట గుర్తు చేసింది. వెంటనే, నమూనా తీసిన రోజు గేటు నమోదులు తెరిచాను. అంతవరకు నేను శాతం మాత్రమే చూసేదాన్ని. ప్రతి ట్యాగు పలికిన కాలం కూడా పక్కనే ఉంది. పోలయ్య వ్యానులో నలభై ట్రేలు. ఒక తోపుడుబండి మీద ఆరు ట్రేలకన్నా పట్టవు, ఒక్కో బండి గేటు దాటి రావడానికి నిమిషం పడుతుంది. నమోదు ప్రకారం నలభై ట్యాగులూ మూడు సెకన్లలో పలికాయి. ఆ తర్వాత రెండు నిమిషాలకు, వేరే రైతు వ్యానులోని ట్యాగులన్నీ మరో మూడు సెకన్లలో.

రొయ్యల ట్రేలు ఎగిరి రావు.

తట్ట

మధ్యాహ్నం షిఫ్టు మొదలయ్యే వేళకు ప్లాట్‌ఫారం దగ్గరికి వెళ్లి, ఐసు గది తలుపు పక్కన నిలబడ్డాను. వ్యాను వచ్చింది. రమణమ్మ బృందం ట్రేలు దించింది. రమణమ్మ ఆ షిఫ్టుకు పెద్ద. ఇరవై ఏళ్లు మైపాడులో చేపలు కొని, తట్టలో పెట్టుకుని, నెల్లూరు వీధుల్లో అమ్మిన మనిషి.

ఆమె మనుషులు చిన్న కత్తెరలతో ట్రేలకు కట్టిన ట్యాగుల దారాలు చకచకా కత్తిరించారు. ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి ఒక వెదురు తట్టలో వేశారు. రమణమ్మ తట్ట నెత్తికెత్తుకుని, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, గేటులోంచి నడిచింది. పచ్చ దీపం. షట్టరు లేచింది. ట్రేలున్న తోపుడుబళ్లు లోపలికి దొర్లాయి. లోపల ఇద్దరు కూర్చుని కొత్త దారాలతో ట్యాగులు తిరిగి కడుతున్నారు. ఏ ట్యాగు ఏ ట్రేదో చూసి కట్టడం లేదు. చూడటానికి దాని మీద ఏమీ రాసి లేదు.

నన్ను చూసి రమణమ్మ తట్ట దించింది. దాచలేదు.

"ఇది ఎప్పటి నుంచి రమణమ్మా?"

"మీరు బల్ల పెట్టిన వారం నుంచి."

"తట్టే ఎందుకు?"

"ముందు ఒళ్లో పోసుకుని పోయినాను. పలకలా. సంచిలో ఏసి చంకలో పెట్టుకున్నా పలకలా. నెత్తిన తట్టలో పెట్టినాక అన్నీ పలికినాయి. ఒంటికి ఎడంగా ఉంటే పలుకుతాది మేడం ఇది. మస్తాన్ కూడా అదే అన్నాడు."

మనిషి ఒళ్లు చాలా భాగం నీరే. ఆమె వాక్యాన్ని నేనైతే సూత్రంతో రాసేదాన్ని. అంతకుమించి సరిదిద్దడానికి ఏమీ లేదు.

"ట్రేకు ఉండాల్సిన ట్యాగు తీసేస్తే ఇక అది దేనికమ్మా?"

"అది మాకు ఎవురు చెప్పినారు మేడం? ఐసు కరిగితే మమ్మల్నే తిడతారు. ఎర్ర దీపమొస్తే మమ్మల్నే తిడతారు. మీరు పచ్చ దీపం అడిగినారు. ఇచ్చినాము."

వెనక నుంచి ఒకామె నవ్వు ఆపుకోలేక అంది: "అక్కా, బల్ల మీద నూరు రాయించింది నువ్వే గదా, నీకే బహుమానమియ్యాల."

"నోరు ముయ్యవే" అంది రమణమ్మ, తనూ నవ్వుతూ. వెంటనే నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "ఏమైంది మేడం? ఎవురికైనా చెరుపయిందా?"

పోలయ్య సంగతి చెప్పాను. నమూనా తీసిన రోజు ఏం జరిగిందని అడిగాను. రమణమ్మ ఆలోచించి చెప్పింది. ఆ రోజు వాన. రెండు వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. తట్ట ఒకటే. మొదటి వ్యాను ట్యాగులు లోపల కింద పోసి, రెండో వ్యానువి తెచ్చింది. అవీ ఆ పక్కనే పోసింది. ఎన్ని కలిశాయో ఆమెకు తెలియదు. తెలిసినట్టు నటించనూ లేదు. నా ముప్పై ఏళ్లలో నేను విన్న నిజాయితీగల సాక్ష్యాల్లో అది ఒకటి.

నివేదిక

రంగనాయకులు గారు చెడ్డవారు కారు. తొందరమనిషి. నేను చెప్పిందంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆ ఆడవాళ్లను మార్చేద్దాం. నివేదికలో ట్యాగులు కట్టడంలో పొరపాటు అని రాయండి. పోలయ్య విషయం నిబంధన ప్రకారం పోనివ్వండి."

"ఏ నిబంధన ప్రకారమండీ? ఆ ట్యాగు పోలయ్య రొయ్య మీద ఉందని నేను రుజువు చేయలేను."

"లేదని చేయగలరా?"

"అదీ చేయలేను."

"మరి?"

"రెండు వ్యాన్ల సరుకూ పారేయాలి. పోలయ్య పేరు జాబితాలో ఉండాలి. తప్పు నల్లబల్లది. దాన్ని పెట్టించింది నేను. అదే రాస్తాను."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "ఆ బల్ల ఫొటో నేను పంపాను గదమ్మా" అన్నారు.

"ఇంకో ఫొటో పంపుదాం. తట్టది."

పంపలేదు, నిజమే. కానీ నివేదిక నేను రాసినట్టే వెళ్లింది. రెండు వ్యాన్ల సరుకూ నాశనం చేశారు. రమణమ్మ బృందం కొనసాగింది. ఆ వారమే నల్లబల్ల తీయించి, కొలిచే పరికరం మస్తాన్ చేతికిచ్చాను. రబ్బరు చెప్పుల అడుగు ముక్కను ట్రే అంచు పైభాగాన అతికించి, దాని మీద ట్యాగు పెట్టి రివెట్ కొట్టాడు. ఏ ట్రేకు ఏ ట్యాగో అంకె చెక్కాడు. పలికినవీ పలకనివీ తనే రాసుకొచ్చాడు. నూటికి నూరు రాలేదు. పలకని ట్రేను పక్కకు తీసి చేత్తో చదివే పరికరంతో చూసేవాళ్లం. కొన్ని మూగవిగా మిగిలే ఆ అంకె, వెనకటి నూరుకన్నా నాకు విలువైనది.

ఇప్పటి లేబుళ్లు

నేను పదవీ విరమణ చేసే నాటికి ఈ రంగం చాలా దూరం వచ్చింది. ఇప్పుడు వచ్చే ట్యాగులు కాగితంలా పలచగా ఉంటున్నాయి. ఒలిచి తీస్తే తీగ తెగి శాశ్వతంగా మూగబోయేవి ఉన్నాయి. రమణమ్మ తట్టకు అవి సరైన జవాబు. చల్లదనాన్ని కొలిచి దాచుకునే లేబుళ్లున్నాయి. కొన్న మనిషి తన ఫోనును పెట్టెకు ఆనిస్తే ఆ రొయ్య పుట్టిన గుంట, పట్టిన రోజు తెరమీద కనిపించే లేబుళ్లున్నాయి. ఇవి పనిచేస్తాయి, నేను పరీక్షించాను. ధరలు తగ్గుతున్నాయని వినడమే గాని, తడి సరుకుకు తగినవి ఏ మేరకు తగ్గాయో నేను సరిచూడలేదు.

అయితే ప్రతి కొత్త లేబులునూ పాత ప్రశ్నతోనే చూడండి. అది కొలిచేది దేన్ని? చల్లదనపు లేబులు ఒకటి మా పెట్టెలు వేడెక్కాయని గోల చేసింది. తీరా చూస్తే అది కొలిచింది అట్టపెట్టె గోడను. లోపలి రొయ్య గడ్డకట్టే ఉంది. మరో లేబులు అంతా చల్లగా ఉందంది, అది చల్లగాలి తగిలే మూల అంటించినది కాబట్టి. లేబులు తన గురించి నిజమే చెబుతుంది. దానికీ సరుకుకూ మధ్య ముడి ఒక మనిషి వేస్తాడు. ఆ మనిషి ఎవరో, ఏ తొందరలో ఉన్నాడో, ఏ దీపానికి భయపడుతున్నాడో తెలియకుండా నమోదును నమ్మకండి. పెద్ద అధికారులు తెరమీద అంకెలు చూపిస్తారు. మీరు వెళ్లి ప్లాట్‌ఫారం మీద ఒక షిఫ్టు నిలబడండి. మంచి అంకె వచ్చిన రోజు తప్పకుండా నిలబడండి.

తేలనిది

ఆ నమూనాలోని రొయ్య ఎవరి గుంటది? ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. దొరకకపోవడానికి కారణం స్పష్టమే. రెండో రైతు గుంటలు అప్పటికే పట్టుబడి ముగిసి ఎండాయి. పోలయ్య రెండో గుంట రొయ్యలను తర్వాత పరీక్షిస్తే శుద్ధంగా వచ్చాయి, కానీ అది మరో గుంట, మరో రోజు. సరుకు నాశనమైంది. ముడి తెగిన ఆ కొద్ది నిమిషాలకు ఏ యంత్రం దగ్గరా నమోదు లేదు. ఎంత గొప్ప చిప్పు వచ్చినా వెనక్కి వెళ్లి ఆ తట్టలోకి చూడజాలదు.

పోలయ్య ఇప్పటికీ రొయ్యలు వేస్తున్నాడు. మొన్న మైపాడు బస్సు దగ్గర కనిపించాడు. నా సంచి తీసుకుని లోపల పెట్టి, పక్క సీటులో కూర్చున్నాడు.

"మీరు నా పేరు నిలబెట్టినారు మేడం. మర్చిపోను. కానీ ఒకటి అడగతా, ఏమనుకోబాకండి."

"అడుగు."

"మీ కాయితంలో 'తప్పు చేసినట్టు రుజువు కాలేదు' అని రాసినారు. 'చేయలేదు' అని రాయలా. మా ఊళ్లో చదువుకున్నోళ్లు ఆ రెండింటికీ తేడా చెప్పినారు. ఇప్పటికీ మాటొస్తే చెప్తానే ఉండారు. రాయకూడదా మేడం, ఒక్క ముక్క?"

బస్సు కదిలింది. రాయలేనని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. అతను విన్నాడు, తలూపాడు, కిటికీ వైపు తిరిగాడు.

పోలయ్య మందు కలపలేదని నేను నమ్ముతున్నాను. కానీ అది నా నమ్మకం మాత్రమే. ఈ వ్యాసం మొదట చేసిన విభజనలో దాన్ని విన్నమాటల పక్కనే ఉంచాలి. అక్కడే ఉంచుతున్నాను.